మంగ్లి ఎనక్కి తిరిగే సోటు

నవ్వుతాను బావా, ఎందుకు నవ్వను? మిఠాయి పెట్టె తెచ్చి సేపకి ఇల్లన్నోడివి నువ్వు. నవ్విన తప్పు నాదా?

అలా నిలబడిపోయావేటి, కూకో. ఈ బండ మీద కూకో. పనస సెట్టు కింద మీవోళ్లంతా మూతులు ముడుసుకుని కూసున్నారు. డప్పులోడు డప్పు బోర్లించి దాని మీద తల పెట్టుకుని పడుకున్నాడు. పెళ్లికూతుర్ని తీసుకెళ్లడానికొచ్చినోళ్లలాగున్నారేటి వాళ్లు? సంతలో ఎద్దు అమ్ముడవక తిరిగెళ్లేవోళ్లలాగున్నారు.

"సుక్రీ, బేగి లెగు, పొద్దెక్కితే కొండెక్కలేం" అంటే ఎలాగ? లెగను. కాళ్లు నీళ్లలో పెట్టుకున్నాను, మంగ్లి వచ్చి నా కాలి ఏళ్లు ముద్దెట్టుకుని ఎల్తంది. సూడు, మళ్లీ వచ్చింది. కొత్త పెళ్లికొడుకువి నువ్వు, ముద్దులు దానివి!

అదిగో, మళ్లీ మొహం మాడ్సుకున్నావు. సరదాకన్నాను బావా.

ఏటి? సేప కోసం పెళ్లి ఆపుతానా? ఎవరాపారు? నీకొప్పుకున్నాను. మా అయ్యకి ఓలి కింద నువ్విచ్చిన ఆవుకీ ఒప్పుకున్నాను, అది పాలిచ్చేది తక్కువ, తన్నేది ఎక్కువ, అయినా సరే అన్నాను. ఒక్కటే అడిగినాను. మంగ్లి నాతో మీ ఊరొస్తాది, దానికి అక్కడ సరైన సోటుండాల అని. నువ్వు నెత్తూపినావు. నెత్తూపడం నీకు బాగా అలవాటు. సంతలో బేరం తెలీని కోడిపెట్టకి కూడా ఊపేస్తావు.

అసలు దీన్ని తెచ్చిందెవరు, సెప్పు?

నువ్వే కదా! ఆ మంగళారం నాడు వాగులో ఎండ్రకాయలకెళ్లి, ఆనపబుర్రలో నీళ్లు పోసి, అందులో సిటికిన ఏలంత పిల్లని ఏసి, ఎవరూ సూడకుండా తెచ్చి నా సేతిలో పెట్టినావు. వేరే గుంటడైతే పూసల పేరు తెస్తాడు, దువ్వెన తెస్తాడు. నువ్వు సేప తెచ్చినావు. నాకా పూటే నువ్వు నచ్చేసినావు, అది వేరే సంగతి. మంగళారం వచ్చింది కాబట్టి మా అయ్య మంగ్లి అని పేరెట్టినాడు. నువ్వు బుధారం పుట్టి బుధువైనట్టు, నేను సుక్కురారం పుట్టి సుక్రినైనట్టు.

ఆరోజు నువ్వేటన్నావో గుర్తుందా? "ఇది ఇంతే ఉంటాది సుక్రీ, పెరగదు" అన్నావు. సిటికినేలు సూపించి మరీ అన్నావు.

ఇప్పుడు సూడు. వెదురు దోనెలోంచి నీళ్లు పడే సోట, ఆ నీడలో. నా సెయ్యి సంక కాడ నుంచి ఏళ్ల కొసదాకా ఎంతుందో అంతుంది. పొలుసొక్కోటీ మా అమ్మ ముక్కుకమ్మంత. మీసాలు కూడా వచ్చినాయి దానికి, నీకింకా సరిగ్గా రాలేదు.

ఏదీ, ఆ సిటికినేలు మళ్లీ సూపించు!

మొదట సట్టిలో పెట్టినాను. మర్నాడు తెల్లారగానే ఎగిరి కిందపడింది. అప్పుడే కోడి దాన్ని సూసి బెదిరి అరిసింది కాబట్టి బతికింది, లేకపోతే కోడి నోట్లోకే పోయేది. అప్పుడు తెలిసింది, పైన మూతుండాలని. తరవాత అమ్మ బియ్యం కడిగే కుండ. అమ్మ కేకలు నీకూ వినబడే ఉంటాయి, కొండవతల దాకా ఎల్లినాయవి. తరవాత అయ్య కల్లు కుండ. కడిగినాననే అనుకున్నాను. అందులో ఏసిన పూటంతా మంగ్లి వంకర్లు తిరుగుతా ఈదింది, అచ్చం మా అయ్య సంతనుంచి వచ్చినట్టు. మా అయ్య దాన్ని సూసి "ఇది మన గుంటే" అని మురిసిపోయాడు కూడా.

ఆ తరవాత పందులకి కుడితి పోసే దోనె. పెద్ద మాను తొలిసిన దోనె, ఎంత పొడుగు! పందులు ఒక ఏడాది నన్ను సూసి గుర్రుమన్నాయి. నేను మాత్రం "ఇంకేటే మంగ్లీ, ఇది నీకు జమీందారు మేడ" అన్నాను.

అక్కడే తెలిసింది బావా. పొడుగొక్కటే ఉంటే సాలదు.

దోనెలో అది ముందుకి బాగానే ఎల్లేది. ఆ కొసకెల్లాక ఎనక్కి తిరగాలంటే? తిరగడానికి సోటేదీ? ఎనక్కెనక్కే రావాల, ఇరుకు దారిలో ఎదురు బండి తగిలిన ఎద్దులాగ. తిరగబోయి, తగిలి, మళ్లీ తిరగబోయి, తోక అంచంతా సిరిగి పాతకోకలాగైపోయింది. తర్వాత తిరగడం మానేసింది. తిండీ మానేసింది. ఒక మూల మొహం పెట్టి ఉండిపోయింది.

మా సిన్నక్క పెళ్లయ్యాక మొదటిసారి పుట్టింటికొచ్చి, గోడకి మొహం పెట్టుకుని కూకుంది, గుర్తుందా నీకు? అడిగితే "అంతా బాగానే ఉంది" అంది. అలాగే ఉండేది మంగ్లి.

పోనీలే. ఆ మాటెందుకిప్పుడు.

అప్పుడే మా అయ్యా, నేనూ ఈ బండ కింద ఊటని తవ్వినాం. కొండమీద నుంచి వెదురు బద్దలు కట్టి ఇంకో ధార తెచ్చినాం. ప్రతి వానాకాలం ఇంకొంచెం ఎడల్పు సేస్తన్నాం. ఎంత తవ్వాలో మాకేటి తెలుసు? మంగ్లే సెప్తాది. గుండ్రంగా తిరిగి, గట్టుకి తగలకుండా ఎల్లిపోయిందా, సాలినట్టు. తోక తగిలి బురద లేసిందా, గునపం తియ్యాల్సిందే. దానికి సదువెందుకు, కళ్లుంటే సాలు.

నీకు కళ్లు లేవా మరి? ఉన్నాయి. నాకేసే సూస్తాయవి, అదే వాటి తప్పు.

పోయిన నెల అడ్డతీగ నార తాడు పట్టుకుని వచ్చి "మంగ్లి కొలత గావాల" అన్నప్పుడు నేనెంత మురిసిపోయానో తెలుసా? మా బుధు బావ మాట మీద నిలబడే మనిషి అని అందరికీ సెప్పినాను. మంగ్లి నిద్దరోతన్నట్టు నిలకడగా ఉన్నప్పుడు, నువ్వు మోకాల్లోతు దిగి, ముక్కు కాడ నుంచి తోక దాకా తాడేసి ముడేసుకున్నావు. పైన నాలుగు సేతి ఏళ్లంత తాడు కలిపినావు. ఎవరికి బావా ఆ నాలుగేళ్లు? సుట్టం సూపుకి కప్పొస్తే కూకోడానికా?

అడ్డం కొలిసినావా? లోతు కొలిసినావా? తిరిగేటప్పుడు దాని ఒళ్లు విల్లులాగ వంగుతాది, అప్పుడెంత సోటు గావాలో సూసినావా? లేదు. పాడె కట్టడానికి శవాన్ని కొలిసినట్టు కొలిసినావు. పాడె మీద మనిషి ఎనక్కి తిరగడు కాబట్టి అక్కడ సరిపోతాది!

ఆ పెట్టె కోసం ఏడాది పసుపంతా ఇచ్చేసినావంట డుంబ్రిగుడ సంతలో. ఆ వరహాలరావు ఎంత నవ్వుకుని ఉంటాడో! కింద నుంచి వచ్చిన కోమటి, కొండోడికి మిఠాయి అమ్మడం సూసినాం గాని, మిఠాయి పెట్టె కూడా అమ్మేసినాడంటే గట్టివోడే. సెక్క సట్రం, నాలుగేపులా గాజు పలకలు. ఆ మూలల్లో పాకం ఇంకా అంటుకునే ఉంది. దానికి గుగ్గిలం కాసి పూసినావు, నీళ్లు కారకుండా. సేతులు కాలినాయి కదూ? దాసకు, సూసినాను. కట్టు కట్టుకుని పెళ్లికొచ్చినోడివి నువ్వొక్కడివే.

నీ ఊరినుంచి ఇద్దరు కావడేసి మోసుకొచ్చినారు. దారి పొడుగునా సీమలు కూడా పెళ్లివోళ్లలాగ బారు కట్టి ఎనకాలే వచ్చినాయంట.

ఎందుకు గాజే గావాల్సొచ్చిందో నాకు తెలుసులే. అడవి దొర బంగళా కదా నీ బుర్రలో ఉంది.

దొరసానికి ఎర్ర సేపలొచ్చినప్పుడు, ఆ గాజు బుడ్డిని ఇశాపట్నం దారినుంచి ఘాటీ ఎక్కించింది నువ్వే. వెట్టికి పట్టుకుపోయి నీ నెత్తి మీద పెట్టినారు. నీళ్లు ఒలికితే దెబ్బలన్నారు. అయినా ఇంటికొచ్చి ఏటి సెప్పినావు? దెబ్బల మాట సెప్పలేదు, మెడ నొప్పి మాట సెప్పలేదు. "సుక్రీ, గాజులోంచి సూస్తే సేప ఎంత బాగుంటాదో! నీక్కూడా అలాంటిది తెస్తాను" అన్నావు.

ఆ మాటకి నేనారోజు పక్కకి తిరిగి... ఏటీ లేదులే. కంట్లో పొగ పడింది.

కానీ బావా, ఆ ఎర్ర సేపలు ఇప్పుడేవీ? బంగళా ఊడిసే అప్పలనర్సమ్మని అడగలేదా? వానాకాలం రాకముందే పైకి తేలిపోయినాయంట. ఇప్పుడా బుడ్డిలో దొరసాని గులాబీలు పెట్టుకుంటంది. బొటనేలంత సేపలకే ఆ బుడ్డి సాలలేదు. నువ్వు మంగ్లిని మిఠాయి పెట్టెలో కూకోబెడతానంటే, దొరలాగ కాదు, దొర కంటే గొప్పోడివైపోయావు!

సరే, పెద్దోళ్ల సంగతి. గాసి మామ దిసారి. మంచి రోజూ, మంచి సోటూ అతను సెప్తేనే ఏదైనా. నిన్న పొద్దుగూకేల, కొత్తింటికి పెట్టినట్టే దీనికీ గింజలు పెడదామన్నాడు. పెట్టె అడుగున బియ్యం గింజలు జంటలు జంటలుగా పెట్టి, అడ్డాకు దొప్ప బోర్లించినాడు. తెల్లారి జంటలు జంటలుగానే ఉంటే ఆ సోటు మంచిది. గింజ ఎడమైనా, తగ్గినా, అక్కడ కాపరం నిలబడదు. మన తాతల నాటినుంచీ అంతే. నేనేమైనా కాదన్నానా?

పొద్దున్న దొప్ప తీస్తే జంటకి జంట. డప్పు మోగింది. మీ అమ్మ నా నెత్తికి ఆముదం రాయడానికి వచ్చేసింది కూడా.

అప్పుడు నేనడిగినాను. తప్పా? "మామా, గింజ ఈదుతాదా? గింజ ఎనక్కి తిరుగుతాదా? ఆ పెట్టెలో కాపరం సేసేది మంగ్లి గదా, దాన్ని పెట్టి, దాని ముందు గింజలు పెట్టి సూడండి" అన్నాను. గాసి మామ సరే, పెట్టి సూడండన్నాడు. రాత్రి కల్లు ఇంకా దిగలేదతనికి, అదొకటి.

నువ్వే పట్టుకున్నావు మంగ్లిని, తడిగోనెలో సుట్టి. నీ సేతుల్లో అది కొట్టుకోలేదు సూడు. నీ సెయ్యి దానికి తెలుసు.

పెట్టెలో ఏసినాక? నువ్వే సూసినావు. ముక్కు ఈ గాజుకి, తోక ఆ గాజుకి. నాలుగేళ్ల సోటూ ఎక్కడికి పోయిందో! ఒకసారి తిరగబోయింది. సగం వంగి ఇరుక్కుపోయింది. గాజులో దాని మొహమే దానికి కనబడితే బెదిరి ముక్కుతో కొట్టింది. గుగ్గిలం ఊడి నీళ్లు కారినాయి. పిల్లలంతా నవ్వినారు. నువ్వు నవ్వలేదు.

అది సూసినాను బావా. నువ్వు నవ్వలేదు.

అప్పుడే నేను గింజలేసినాను. జంటలుగానే ఏసినాను, గాసి మామ ఏసినట్టే. బెదిరిపోయి ఉన్నా తిండి తిండే కదా, మంగ్లి ఒక్క గుటక. జంటలేవీ? గింజలేవీ? "మామా, గింజ తగ్గితే సోటు మంచిది కాదని నువ్వే అన్నావు. ఇక్కడ తగ్గడమేటి, ఒక్కటీ మిగల్లేదు!" అన్నాను.

గాసి మామ మొహం సూసినావా? నోరు తెరిసినాడు, మూసినాడు, తెరిసినాడు. మంగ్లీ అతనూ ఎదురెదురుగా ఒక్కలాగే ఉన్నారు.

అతన్ని ఎగతాళి సెయ్యాలని కాదు. మంచోడు. సిన్నప్పుడు నాకు జొరమొస్తే రాత్రంతా మంత్రమేసినోడు. కానీ నా సేపని గింజతో కొలిస్తే ఊరుకోమంటే ఎలాగ?

ఏటి? మీ ఊళ్లో గొయ్యి తవ్వుతావా? నీళ్లో?

మీ ఊరు కొండ నెత్తిన ఉంది. ఎండలొస్తే ఒక్క ఊట, దాని సుట్టూ ఆడోళ్లు ఆనపబుర్రలు పట్టుకుని నా వంతంటే నా వంతని. అందులోంచి నేను కుండలు మోసుకొచ్చి సేపకి పోస్తే మీ అమ్మ ఊరుకుంటాదా? ఆవిడ మంగ్లిని సూసినప్పుడు ఏటడిగిందో వినలేదా? "దీనికి ఎంత సింతపండు పడతాదే" అని అడిగింది! పైగా నవ్వుతా అడిగిందిలే. నా అత్త కదా, నాలాంటిదే. అందుకే నాకు భయం.

ఇక్కడైతే ధార ఆగదు. ఎండల్లో కూడా ఆగలేదు.

అందుకే సెప్తన్నాను. నేను రాను. నువ్వే రా.

అలా సూస్తావేటి, పులిని సూసినట్టు? "మొగోడు ఆడదాని ఊరు పోతే మా ఊళ్లో తలెత్తుకోలేను" అంటావు, అంతే కదా? దొర గాజు బుడ్డి నెత్తిన పెట్టుకుని, తల కదిపితే దెబ్బలని, ఘాటీ అంతా తలొంచకుండా ఎక్కినావే, అది సిన్నతనం కాలేదా? నా ఊట పక్కన, నీ సేతులతో నువ్వు కట్టుకున్న ఇంట్లో, నీ పెళ్లాంతో ఉంటే సిన్నతనమా?

సెప్పు. ఆగుతాను. మంగ్లి కూడా ఆగింది సూడు.

గట్టు మీద గడ్డి పీకతన్నావు. పీకు, పీకు.

పోడుకి భూమి ఇక్కడ లేదా? కొండ అందరిదీ, అడవి దొర మనకి మిగిల్చినంత మటుకు. మీ అమ్మని నెలకోసారి ఎల్లి సూసొద్దాం, సింతపండు పట్టుకెళ్దాం. నా మీద ఎవరేటన్నా పడతాను, "బుధుని సేప ఎరేసి పట్టింది" అంటే కూడా పడతాను. నిజమే కదా మరి! ఎర నువ్వే తెచ్చినావు, అదొక్కటే తేడా.

మంచి సోటు గావాలంటావా? ఉంది. అదిగో, ఆ మావిడి మొక్క పక్కన సదునుగా ఉంది సూడు, ఊటకి ఇటేపు. గాసి మామే సెప్పినాడు మంచిదని. ఎప్పుడా? పొద్దున్నే. నిన్న అతను పెట్టెలో గింజలు పెడుతుంటే, "మామా, పనిలో పని, మా అయ్య మేకల కొట్టం ఏస్తానంటన్నాడు, అక్కడ కూడా నాలుగు పెట్టు" అన్నాను. పెట్టి దొప్ప బోర్లించినాడు. పొద్దున్న తీసి సూసి, "జంటలు సెక్కు సెదరలేదు, మేకలు మందలవుతాయి పో" అన్నాడు. మా అయ్య తప్ప అందరూ విన్నారు. మా అయ్యకి ఇంకా తెలీదు, అతనికి మేకల కొట్టం గావాలని.

కొట్టం కాదు బావా. మనిల్లు.

నవ్వు, పరవాలేదు. సన్నగా నవ్వినావు, సూసినాను. ఆ నవ్వు కోసమే కదా ఇంతసేపూ నోరు నొప్పెట్టేలా వాగుతన్నాను.

ఇంకొక్క మాటుంది. ఇది ఎవరికీ సెప్పలేదు. నీకే సెప్తన్నాను, ఎందుకంటే రేపు ఆ గోడల మధ్యన నువ్వే ఉండాల.

తెల్లారి కోడి కూసేటప్పటికి, గాసి మామ లెగకముందే, నేనొచ్చి ఆ మావిడి మొక్క పక్కన దొప్ప ఎత్తి సూసినాను. ఒక గింజ లేదు.

అవును. ఒక జంటలో ఒకటి లేదు. నీ మిఠాయి పెట్టె ఎనకాల వచ్చిన సీమే లాక్కెళ్లిందో, ఆ సోటుకి మనం అక్కర్లేదో, నాకు తెలీదు. ఒంటరిగా ఉండిపోయిన ఆ గింజని సూస్తే భయమేసింది, అబద్ధం సెప్పను. తరవాత నా కొంగు ముడిలోంచి ఇంకో గింజ తీసి దాని పక్కన పెట్టినాను. దొప్ప బోర్లించినాను. ఎల్లి ముసుగు తన్ని పడుకున్నాను.

దేవుడికి తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు. తప్పైతే ఆ తప్పు నాది, నిన్నంటదు. కానీ ఎడమైన జంటని ఎడంగానే ఒదిలేసి, అయ్యో అని ఎల్లిపోవడం నాకు సేతకాదు బావా. గింజ పోతే ఇంకో గింజ పెడతాను. అది కూడా పోతే ఇంకోటి.

ఎల్లి గాసి మామకి సెప్పుకుంటావో, మీవోళ్లని లేపి డప్పేసుకుని మీ కొండెక్కుతావో, ఆ గట్టు మీద గునపముంది అదందుకుంటావో, నీ ఇష్టం. నేను లెగను అన్నాను, లెగను. తలకాయ కూడా తిప్పను. ఇదిగో, మంగ్లినే సూస్తా కూకుంటాను.

...

అమ్మయ్య. ఆ సప్పుడు గునపందే కదా?

ఏయ్ బావా! అటెక్కడికి, మావిడి మొక్క కాడికా? ఇల్లు తరవాతలే. ముందిటు రా, ఈ మూల ఇంకొంచెం ఎడల్పు సెయ్యి. కాలిన సెయ్యి జాగర్త. మంగ్లి ఇందాక తిరిగినప్పుడు మళ్లీ బురద లేసింది.

పెరగదన్నావు కదేటి!